చింతవేరు కొక్కులు పులివెందుల చేరిన వైనం

జమ్మలమడుగు, పులివెందుల చూసొద్దామని ఎవరూ పనిగట్టుకుని టికెట్టు కొనరు. నేనూ కొనలేదు. మా రాష్ట్రంలో ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఊరికే. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా వేసిన టికెట్టు చేతిలో పెడతాడు. పోయి వచ్చాక ఆ టికెట్లన్నీ దేవుడి పటం వెనక దాచాను. నేను చేసిన యాత్రల్లో తిరుపతి తర్వాత చెప్పుకోదగ్గది ఇదే. తిరుపతికైనా డబ్బు పెట్టి పోయాను, దీనికి అదీ లేదు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరం అటూ ఇటూ అయితే సర్దుకోండి. విషయం మాత్రం అటూ ఇటూ కాదు.

విషయం పుట్టకొక్కులు. పుస్తకాల్లో పుట్టగొడుగులని రాస్తారు. వాటిలో చింతచెట్టు వేరును పట్టుకుని లేచే రకం ఒకటుంది. అది గొడుగులా పలచగా ఉండదు. కాడ పిడికిలంత లావు, పైన పాతబెల్లం రంగు టోపీ. తిప్పి చూస్తే రేకులుండవు, సన్నని రంధ్రాలతో తేనెపట్టు మాదిరి పసుపుపచ్చగా ఉంటుంది. తుంచితే గాలి తగిలిన చోట నీలం తిరుగుతుంది. మా ఇంట్లో దాన్ని చింతకొక్కు అనేవాళ్లం. పొట్టేలు కూర, చింతకొక్కు కూర పక్కపక్కన పెడితే మా ఇంటి మగవాళ్ల చెయ్యి ముందు కొక్కు మీదికే పోయేది.

ఇది చదివి మీ దొడ్లో చెట్టు కింద లేచిందల్లా కోసుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మా అత్త దగ్గర మొదలుపెట్టాలి.

మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. చింతకొక్కు పొయ్యి ఎక్కాలంటే ఇద్దరు ఔననాలి. ఆ ఇద్దరూ మా దొడ్లోని చింతవేర్ల మీంచి తమ చేత్తో కొక్కు పెరికినవాళ్లై ఉండాలి. తిన్నవాళ్లు ఊరంతా ఉన్నా లెక్కలోకి రారు. ఆకలి మీద ఉన్న మనిషికి అన్నీ మంచివిగానే కనబడతాయని ఆమె అనేది. పక్క ఊళ్లో ఒకింటివాళ్లు ఏదో చెట్టు కింద ఏదో కొక్కు తిని ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయ్యారట. అప్పటి నుంచి మా ఇంట్లో ఈ పద్ధతి. అత్త పోయింది. ఇప్పుడు ఆ వేర్లు ఎరిగిన మనుషులం ఇద్దరమే మిగిలాం. నేనొకదాన్ని. రెండో ఆమె మా ఆయన అక్క నారాయణమ్మ వదిన. ఆమె పులివెందులలో కూతురి దగ్గర ఉంటుంది.

ఆ చెట్టు ఇప్పుడు లేదు. మా ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. ఊరు ఖాళీ చేసే రోజుల్లో అందరూ తలుపులు, కిటికీలు, దూలాలు, బండలు ట్రాక్టర్లకెత్తారు. నేను అవన్నీ ఎత్తించి, వాటి మీద చింతచెట్టు మొదట్లోని మట్టిని వేరు ముక్కలతో సహా ఒక గోతాము నింపి పెట్టించాను. పుట్టినిల్లు ఆఖరుసారి చూసుకుందామని వచ్చిన వదిన ఆ గోతాము చూసి అందరి ముందూ నవ్వింది.

"మంచం పెట్టను చోటు లేదంటాండావు, మట్టి మోస్తాండావా ఓబులమ్మా? ఈ మట్టిలో కొక్కు మొలిస్తే నేనే వండి నీ కంచంలో వడ్డిస్తాలే. నువ్వు కాలు మీద కాలేసుకోని తిను."

మా ఇళ్లలో ఆడబిడ్డకు కోడలు వడ్డించాలి. ఆడబిడ్డ కోడలికి వడ్డించడమనేది లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె కంచం నేనే నింపాను, ఆమె ఒక్కసారి కూడా నా కంచంలో గరిటె వంచలేదు. కాబట్టి ఆ మాట ఎంత పెద్ద ఎగతాళో మీకు అర్థమై ఉంటుంది. ఊరు పోయినవాళ్లకని వేసిన కాలనీలో మాకిచ్చిన ఇంటి వెనక, పొలం గట్టున, ఎవరో కొట్టకుండా వదిలేసిన చింతచెట్టు ఒకటుంది. దాని వేర్ల చుట్టూ కాలువలాగా తవ్వి ఆ మట్టి పోశాను. ఏండ్లు గడిచాయి. ప్రతి వానాకాలం చూశాను. గడ్డి తప్ప ఏమీ రాలేదు. ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో "మట్టి మొలిచిందా?" అని అడిగేది.

ప్రొద్దుటూరు

కాలనీ ఇంటికి తాళం వేసి నేనిప్పుడు ప్రొద్దుటూరులో చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను. వాడు బట్టల అంగట్లో పని చేస్తాడు. వరసగా వానలు పడి వెలిసిన రోజు, నేను కసువు ఊడుస్తుంటే, ఖాసింబీ ఫోన్ చేసింది. ఖాసింబీ పాత ఊళ్లో మా గోడ పక్క మనిషి, కాలనీలో కూడా పక్కిల్లే అడిగి తీసుకుంది.

"అక్కా, నీ చెట్టు మొదట్లో ఏందో లేచిండాది. నాకైతే అదే అనిపిస్తాది. పిల్లోళ్లు తంతారని గంప బోర్లించి పెట్టినా. నువ్వు యాడున్యా బిన్నా రా."

చీపురు అక్కడే పడేశాను. నా కొడుకు వద్దన్నాడు. పుట్టకొక్కులే కావాలంటే సాయంత్రం తెచ్చిస్తానన్నాడు. ప్రొద్దుటూరులో అవి ప్లాస్టిక్ డబ్బాలో తెల్లగా అమ్ముతారు, డబ్బా యాభై రూపాయలు. ఒకసారి కోడలు వండింది. తడిసిన గుడ్డ నమిలినట్టుంది. ఆ యాభై రూపాయలు నీ దగ్గరే పెట్టుకో నాయనా అని చెప్పి, వెదురు బుట్ట, పాత నూలు చీర ముక్క, రెండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి సర్దుకుని బస్టాండుకు పోయాను. స్టీలు క్యారియరు తీసుకుపొమ్మని కోడలు పోరింది. మూత పెట్టిన గిన్నెలో కొక్కు చెమట పట్టి పాడవుతుందని ఆమెకు తెలియదు, పాపం. టౌను పిల్ల.

బస్సు నిండా ఆడవాళ్లే. మగవాళ్లు కడ్డీలు పట్టుకుని వేలాడుతున్నారు. పంచె కట్టిన పెద్దమనిషి ఒకాయన, టికెట్టుకు దుడ్లు పెట్టే పని లేదని ఆడోళ్లంతా ఊరు మీద పడినారని గొణిగాడు. నా పక్క సీటు ఆమె, ఇన్నాళ్లూ మీరు తిరిగినారు కదప్పా, మేము అడిగినామా అంది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. కండక్టరు నా ఆధార్ కార్డు తీసుకుని, ఫోటోలో ఉండేది నువ్వేనా అవ్వా అని నా మొహం వంక చూశాడు. ఫోటో తీసినాయన నవ్వొద్దన్నాడు, ఇప్పుడూ నవ్వడం లేదు, పోల్చుకో అన్నాను. ఖాళీ బుట్ట పట్టుకుని ఎక్కడికని ఇంకో మాట అడిగాడు. నింపుకు రావడానికి అన్నాను. లోపల మాత్రం, ఈ బుట్ట ఖాళీగా తిరిగొస్తే ఇదే కండక్టరు ఎదురుపడకుండా ఉంటే చాలని మొక్కుకున్నాను.

జమ్మలమడుగు

జమ్మలమడుగులో బస్సు మారాలి. బస్టాండు బయట కారం దోసె కాలుస్తున్నారు. దోసె మీద ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి మడిచి ఇస్తారు. నా దగ్గర రొట్టెలున్నాయి. అయినా ఆ వాసనకు కాళ్లు అటు తిరిగాయి. ధర అడిగితే నలభై అంది దోసెలామె. నలభై రూపాయలకు ఇంట్లో మినప్పప్పు, బియ్యం నానబోస్తే ఇంటిల్లిపాదీ తింటారని ఆమెకు చెప్పాను. తింటారు గానీ అవ్వా, పొయ్యి ముందర నిలబడేదెవరు అందామె. ఆ మాట నిజమే కాబట్టి ఒకటి తీసుకున్నాను. రొట్టెలోకి నంజుకోవడానికి ఇంకాస్త కారం అడిగితే డబ్బు తీసుకోకుండా పెట్టింది.

ఏ ఊరని అడిగింది. మా ఊరి పేరు ముందు 'పాత' అని చేర్చి చెప్పాను. ఆ ఒక్క మాటకే ఆమె పెనం మీది నుంచి తల ఎత్తింది. మునిగిన ఊళ్లవాళ్లందరం అట్లాగే చెబుతాం, పాత ఫలానా అని. ఆమెదీ మునిగిన ఊరే. వాళ్లు ఇంటి వాకిలి గడప ఒక్కటి తెచ్చుకున్నారట, కొత్త ఇంటికి కొలత సరిపోక గోడకు ఆనించి పెట్టారట. నేనేం తెచ్చుకున్నానని అడిగింది. మట్టి అని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ దోసె డబ్బు ఇస్తుంటే పది రూపాయలు వెనక్కిచ్చింది. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

కాలనీలో, గంప కింద

ముద్దనూరు మీదుగా కాలనీ చేరేసరికి ఎండ తిరిగింది. కాలనీ మీరు చూసి ఉండరు. వీధులు గీత గీసినట్టు ఉంటాయి. పాత ఊళ్లో దారి చెప్పాలంటే వేపచెట్టు దాటి, బావి దాటి అనేవాళ్లం. ఇక్కడ ఇంటికి నంబరు చెబుతారు. చీకట్లో తాగొచ్చిన మగవాళ్లు పక్కింటి తలుపు కొట్టడం ఇక్కడ మామూలే, అన్ని తలుపులూ ఒకటే రంగు మరి.

ఖాసింబీ చింతచెట్టు కింద నులకమంచం వేసుకుని కూర్చుని ఉంది. మంచం పక్కన బోర్లించిన గంప, గంప మీద రోకలిబండ. నాకు ఫోన్ చేసినప్పటి నుంచి అక్కడే కాపలా. ఆమె కొడుకు కువైట్‌లో డ్రైవరు. వీడియో కాల్‌లో వాడికి చూపించిందట. వాడు చిన్నప్పుడు మా వంటింటి గడపలో గిన్నె పట్టుకుని కూర్చున్నవాడు. ఎవ్వర్నీ తొక్కనీయొద్దమ్మా, నీకు మంచం పంపిస్తా కావాలంటే అన్నాడట. అందుకే మంచం వేసింది.

గంప ఎత్తాను.

వేరు నేలమీద తేలినచోట, ఆకుల్ని తోసుకుని, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసినట్టు గుంపుగా లేచి ఉన్నాయి. పెద్దది సంగటి ముద్దంత ఉంది. అదే, అదే అని లోపల ఎవరో అంటున్నారు. అనేది నేనే. అక్కడే ఆగాను. ఇన్నేండ్లు ఎదురు చూసిన కన్ను దేన్ని చూసినా అదే అంటుంది. మా అత్త పద్ధతి పెట్టింది నాబోటివాళ్ల కోసమే. రెండోసారి నిదానంగా చూశాను. టోపీ రంగు పాతవాటికంటే ముదురుగా ఉంది. బెల్లం రంగు కాదు, కాలిన బెల్లం రంగు. కింద పసుపు సరిగ్గానే ఉంది. వాసన సరిగ్గానే ఉంది. రంగు మాత్రం లోపల ముల్లులా గుచ్చింది.

ఖాసింబీ సాయంత్రమే వండుకుందామంది. ఎర్రగడ్డలు కూడా కోసి పెట్టుకుంది. నారాయణమ్మ వదిన పట్టుకుని చూడందే పొయ్యి ఎక్కదని చెప్పాను.

"ఇన్నేండ్లు మీ ఇంట్లో తిన్న నోరు నాది. నేను ఔనంటే చాలదా అక్కా?"

"నోరు చాలదుమే. చెయ్యి గావాల. నువ్వు యానాడన్నా పెరికినావా?"

పెరకలేదు. ఆ దొడ్డి మాది, పెరికేది మేము, గిన్నెలో పోసి గోడ మీంచి అందించేవాళ్లం. ఆమె మొహం చిన్నబోయింది. నాకప్పుడు ఒకటి తోచింది. ఇట్లా కూర్చో అని ఆమెను వేరు పక్కన కూర్చోబెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని కాడ మొదట్లో పెట్టించాను. కోయకూడదు, లాగకూడదు. మొదలు పట్టుకుని సీసామూత తిప్పినట్టు మెల్లగా తిప్పితే వేరు నుంచి విడిపోతుంది. ఆమె బిస్మిల్లా అనుకుని తిప్పింది. చేతిలోకి వచ్చింది. దాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

పిల్లకొక్కులను ఆకులు కప్పి వదిలేశాం. పెరికినవాటిలో కొన్ని ఆమె దగ్గరే చాటలో ఆరబెట్టాం. ఫోన్ వస్తే వండు, రాకపోతే పారెయ్యి అని చెప్పాను. మిగతావి బుట్టలో చీర ముక్క పరిచి సర్దాను. ఆ రాత్రి ఖాసింబీ ఇంట్లో చిత్రాన్నం తిని పడుకున్నాం. కొక్కులు ఇంట్లో ఉండగా చిత్రాన్నం తినడమంత కష్టం ఇంకోటి లేదు.

ముద్దనూరు దాకా ఆటో

పొద్దున బస్సు రాలేదు, షేరాటో ఎక్కాల్సి వచ్చింది. దీనికి సున్నా టికెట్టు ఉండదు, ముప్పై రూపాయలు పోయాయి. ఎదురుగా గొర్రెలు మేకలు మేపే మనిషి ఒకాయన కూర్చున్నాడు. ఒళ్లో మేకపిల్ల. కడుపు ఉబ్బిందని పశువుల ఆసుపత్రికి తీసుకుపోతున్నాడు. మేత ముట్టడం లేదట, రెండు రోజులుగా నోరు తెరవలేదట. ఆయన ఆ మాట చెబుతుండగానే అది మెడ చాచి, నా బుట్టలో గుడ్డ కింద మూతి పెట్టి, అన్నింటికంటే పెద్ద కొక్కు అంచు కొరికేసింది.

నేను దాని చెవి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, అది ఏం కొక్కో ఏమో, నా పిల్లకేమన్నా అయితే ఎట్ల?"

"నా కొక్కుకు ఏమయిందో అడగవేందప్పా? పులివెందులదంకా పోవాల్సింది అది."

కొరికిన చోట చూస్తుండగానే నీలం తిరిగింది. ఆటోలో ఉన్నవాళ్లంతా వంగి చూశారు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు, ముందు చూసి తోలమని నేనే చెప్పాల్సి వచ్చింది. నీలం తిరిగితే విషమే అని ఒకామె తీర్మానం చేసింది. పాత ఊళ్లోవి కూడా నీలం తిరిగేవని చెప్పాను. ఇంత నీలమా అని ఆమె అడిగింది. నీలాన్ని ఎవరు కొలిచి పెట్టుకుంటారు?

ముద్దనూరు వచ్చేసరికి మేకపిల్ల లేచి నిలబడి ఆయన చొక్కా గుండీ నమలడం మొదలుపెట్టింది. ఆయన మొహం విప్పారింది. దానికి నయమైందంటే నీ కొక్కు మంచిదే, వండుకో పో అన్నాడు.

"మేక జిల్లేడాకు తింటాది. నువ్వు తింటావా అప్పా?" అన్నాను.

ఆయన నవ్వి, భుజాన ఉన్న సంచిలోంచి రెండు సీతాఫలాలు ఆకుల కొమ్మతో సహా తీసి నా ఒళ్లో పెట్టాడు. కొరికినదానికి పరిహారమట. పండ్లు బాగున్నాయి. ఆసుపత్రి వైపు పోతూ కూడా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు, నన్ను కాదు, బుట్టను.

పులివెందుల బస్సు సగం దారిలో టైరు పంచరై నిలబడింది. అందరూ దిగి తుమ్మచెట్టు నీడకు పోయారు. ఎండ నెత్తి మీద ఉంది. బుట్ట తెరిచి చూస్తే గుడ్డ చెమ్మగిల్లింది. ఇంకాసేపైతే మెత్తబడతాయి. మెత్తబడినదాన్ని వదిన చేతిలో పెడితే ఆమె ఏమంటుందో నాకు తెలుసు, రాత్రంతా అదే వినిపించింది. కొక్కులను పైట మీద పరిచి, సీతాఫలం ఆకులతో విసురుతూ కూర్చున్నాను. ఎవరికో బాగలేదనుకుని, నీళ్లు కావాలా అవ్వా అని ఒక పిల్ల దగ్గరికొచ్చి అడిగింది. ఒళ్లో ఉన్నవి చూసి వెనక్కి పోయింది.

పులివెందుల

పులివెందుల రోడ్లు వెడల్పు. బస్టాండు దగ్గర చీనీకాయలు, అరటిగెలలు గుట్టలు పోసి ఉంటాయి. ఇంకోసారి వచ్చినప్పుడు చూడొచ్చని వాటి వంక తల తిప్పకుండా నడిచాను.

వదిన కూతురు సుజాత ఇంట్లో టైల్స్ పరిచిన వంటగది, మిక్సీ, ఫ్రిజ్, అన్నీ ఉన్నాయి. వదిన వసారాలో గోడకానుకుని కూర్చుని ఉంది. నేను చూసి సంవత్సరం దాటింది. ఎడమ కన్ను పూర్తిగా తెల్లబడింది, కుడి కన్నుకు మనిషి నీడలాగా కనబడుతుందట. రంగు చూడాల్సిన మనిషికి చూపే లేదు. ఆమె కాదంటే ఖాసింబీ చాటలోవి పెంటదిబ్బ పాలు. ఏమీ చెప్పలేనంటే ఇంక ఏ వానాకాలమూ ఎవరూ ఔనని చెప్పలేరు. చెట్టు ఉన్నా, కొక్కు లేచినా, తినే దారి మూసుకుపోయినట్టే.

అడుగుల చప్పుడుకే నన్ను గుర్తుపట్టింది.

"ఓబులమ్మనా? ఏమ్మే, మట్టి మొలిచిందా?"

బుట్ట ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె నవ్వు మొహం మీదనే ఆగిపోయింది. గుడ్డ తీసింది. ఒక్కొక్కటే బయటికి తీసి, బొటనవేలితో కింద రంధ్రాలు తడిమింది. టోపీ అంచు రెండు వేళ్ల మధ్య నలిపింది. ముక్కుకు ఆనించి చాలాసేపు ఉంచింది. కాడను నిలువునా చీల్చి లోపలి నార వేలితో దువ్వింది. మేకపిల్ల కొరికినది చేతికొచ్చినప్పుడు, ఇదెవరు కొరికిందని అడిగింది. చెప్పాను. ఇక్కడ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. సుజాత ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. చివరికి ఆ కొరికినదాన్నే కుడి కన్నుకు దగ్గరగా పెట్టుకుని వెలుగు వైపు తిరిగింది.

"రంగు మా అమ్మ దొడ్లోదాని మాదిరి లేదే" అంది.

ఆ ముల్లు నాకు ముందే గుచ్చుకుంది కదా.

"ఆడ మట్టి ఏం మట్టి?"

"ఎర్రమట్టి."

"మనది నల్లరేగడి" అంది. మళ్లీ కాడ మొదలు తడిమింది. అక్కడ అంటుకుని ఉన్న వేరు పీచును గోటితో విడదీసి, దాన్ని వాసన చూసింది. "రంగు మట్టిది లే. కొక్కు మనదే. నా చేతికి తెలుస్తాంది." ఆ తర్వాత వంటింటి వైపు తిరిగి గొంతు పెంచింది. "సుజాతా, ఎర్రగడ్డలు కొయ్యి. తెల్లగడ్డలు ఒలుచు."

నేను గోడ పట్టుకుని కూర్చున్నాను. ఏడవలేదు. ఏడవడానికి అంత దూరం పోలేదు కదా నేను.

కొక్కులు చీల్చి, పసుపు నీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి ఆ నీళ్లు పారబోశాం. చెనిక్కాయ నూనెలో ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిరప నూరిన కారం. వదిన స్టూలు వేయించుకుని పొయ్యి ముందే కూర్చుంది. గరిటె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సుజాత అలవాటు ప్రకారం చింతపండు నానేసిన గిన్నె తీసుకొచ్చింది.

"చింతపండు వద్దు" అన్నాం వదినా నేనూ ఒకేసారి, ఒకే గొంతుతో.

చింతవేరు మీద పుట్టినదానికి చింతపులుసు పోయకూడదు. అది కూడా మా అత్త పద్ధతే. ఇద్దరం అట్లా ఒకేసారి అనేసరికి సుజాత గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. వదిన ఆమెను దగ్గరికి పిలిచి, వండకుండా పక్కన పెట్టిన ఒక కొక్కును ఆమె అరచేతిలో ఉంచింది. వచ్చే వానకు నువ్వు ఈ ఓబులమ్మత్తతో పోయి నీ చేత్తో పెరుకు, నా చేతులు ఇంకెన్నాళ్లో అంది. సుజాత దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఫ్రిజ్‌లో పెట్టమంటావా అని అడిగింది. వదిన తల పట్టుకుంది.

ఖాసింబీకి ఫోన్ చేశాను. రెండో రింగు లోపలే ఎత్తింది. నేను మాట్లాడబోతే వదిన ఫోన్ లాక్కుంది.

"ఖాసింబీ, పెట్టుమే పొయ్యి మీద. మనదే. చింతపండు ఎయ్యొద్దు."

అవతల ఖాసింబీ ఏమందో వినబడలేదు. వెనక ఎవరో ఈల వేశారు. కువైట్ పిల్లవాడు కూడా లైన్లో ఉన్నాడని తర్వాత తెలిసింది.

సుజాత కంచాలు పెట్టింది. అలవాటు కొద్దీ నేను గరిటె కోసం చెయ్యి చాచాను. వదిన నా చేతిని పక్కకు తోసింది. గోడ పట్టుకుని లేచింది. ఒక చెయ్యి గోడ మీద, ఒక చేతిలో గరిటె. నా కంచం ఎక్కడుందో గరిటె కొసతో తడుముకుని చూసుకుంది. సంగటి ముద్ద నేనే పెట్టుకున్నాను, దాని పక్కన ఆమె కూర వడ్డించింది. కొంచెం నేల మీద పడింది. ఎత్తి కంచంలో వేసుకున్నాను, అది పారేసేది కాదు.

"అన్న మాట అన్నట్టే చేసినా" అంది. "తిను. ఇంగ నన్ను ఎగతాళి చెయ్యొద్దు."

తిన్నాను. అదే రుచి. పాత వంటింట్లో కట్టెల పొయ్యి పొగ ఒక్కటే తక్కువ. సుజాత మొదటి ముద్ద పెట్టుకుని, అది మింగకముందే రెండోది కలిపింది. వదిన ఇంకా కూర్చోలేదు, గరిటె పట్టుకుని నా మీదికి వంగి, నా దవడల చప్పుడు వింటోంది.

కడుపు నిండిపోయింది. అయినా ఖాళీ కంచం ఆమె వైపు జరిపాను.

"ఇంగ రోంత ఎయ్యి వదినా" అన్నాను.